ఆటకు మీట ప్రాణమా?

పాత కంప్యూటరు ఆటలను నేటి యంత్రములపై నాడగోరు వారికి మొదట నెదురగునది యాట కాదు, మీటల యేర్పాటు. ఆట తెఱపై సిద్ధముగా నుండును, సంగీతము మ్రోగుచుండును, కాని యే మీట నొక్కినను బొమ్మ కదలదు. నలువది యేండ్ల క్రిందట నెక్కడనో, యెవరి చేతికో తగినట్లు కుదిర్చిన యాటను నేడు మన చేతికి గుదుర్చుకొనవలసి వచ్చును. ఎడమకు నే మీట, కుడికి నే మీట, దుముకుట కేది, కాల్చుట కేది యని యొక పట్టిక యేర్పఱచుకొనవలయును. ఇది పిల్లల వ్యవహారమనియు, యంత్రము తెలిసిన కుఱ్ఱవానికి వదలివేయదగిన పని యనియు పెద్దలు తలతురు. నేనట్లు తలపను. ఒకరు నిర్మించిన వస్తువును మఱియొకరు తమ కనుకూలముగ మార్చుకొనునపుడు అందు మార్చదగిన దేది, మార్చరాని దేది, ఆ తీర్పు చెప్పుట కధికారి యెవరు అను ప్రశ్న యీ చిన్న పట్టికలో నున్నంత స్పష్టముగ మఱియొకచోట గనబడుట యరుదు.

ఈ విషయముతో బరిచయము లేని చదువరులకై రెండు మాటలు చెప్పవలసియున్నది. ఎమ్యులేటరనగా నొక యంత్రము వేఱొక యంత్రముగ నటించుటకై వ్రాయబడిన ప్రోగ్రాము. 1982లో అమెరికాలో వెలువడిన కామొడోర్ 64 అను గృహ కంప్యూటరును వైస్ అను ఎమ్యులేటరును, అంగళ్ళలో నాణెము వేసి యాడిన పెద్ద పెట్టెలను 1997లో ప్రారంభమైన మేమ్ అనునదియు, ఐబీఎమ్ పీసీ నాటి డాస్ ఆటలను డాస్‌బాక్స్ అనునదియు మఱల బ్రతికించుచున్నవి. ఇది కొందఱి వేడుక మాత్రమే కాదు. అమెరికాలో 2010కి ముందు వెలువడిన యాటలలో నూటికి 87 అంగడిలో కొనుటకు దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ వారు 2023లో ప్రకటించిరి. కావున ననేకములగు నాటలకు మిగిలిన యిల్లు ఎమ్యులేటరే. (ఆ ప్రతులను నకలు చేసికొనుటలోని న్యాయాన్యాయములు వేఱొక వ్యాసమునకు దగిన విషయము, దాని నిచట ముట్టను.) నటుడు రాజు వేషము గట్టినట్లు ఎమ్యులేటరు పాత యంత్రముయొక్క లెక్కలను, రంగులను, ధ్వనిని, తుదకు తప్పులను గూడ నటించును. నటింపలేనిది యొక్కటే: ఆడువాని చేతిలోని కఱ్ఱ. అది తెఱకు వెలుపల నున్నది.

ఆ కఱ్ఱ, అనగా జాయ్‌స్టిక్కు, యెట్టిదో చూతము. 1977లో అటారీ వారు వెలువరించిన యాట యంత్రపు జాయ్‌స్టిక్కు నల్లని చదరపు దిమ్మ. నడుమ నొక పిడి. పై యెడమ మూలను ఎఱ్ఱని బటను. లోపల నున్నవి యైదు స్విచ్చులు మాత్రమే: నాలుగు దిక్కులకు నాలుగు, బటనున కొకటి. తొమ్మిది పిన్నుల యా అమరికనే కామొడోర్ 64 మొదలుగా ననేక యంత్రములవా రనుసరించిరి. బటను ఎడమ మూలనే యేల? ఎడమ బొటనవ్రేలితో బటనును, కుడిచేతితో పిడిని పట్టువాడే యాడువాడని నిర్మాతలు తలచినట్లున్నది. ఎడమచేతివాటము గలవా డా దిమ్మను పావు చుట్టు త్రిప్పి పట్టినచో బటను కుడి మూలకు వచ్చును గాని, పైకి నెట్టినపుడు బొమ్మ ప్రక్కకు బోవును. దిమ్మను విప్పి లోపలి తీగలను మార్చినగాని వానికి సుఖము లేదు. నేటి ఎమ్యులేటరులో నదే పని నాలుగైదు నొక్కులతో ముగియును. తీగలను మార్చినవానిని నిపుణుడని మెచ్చుకొని, పట్టికను మార్చినవానిని ఆట చెఱచినాడని నిందించుట యే న్యాయము?

ఒక్కటే బటను గల కఱ్ఱలో, ఆ బటను కాల్చుటకు బోగా దుముకుట కేమి మిగిలెను? పిడిని పైకి నెట్టుట. కామొడోర్ 64 ఆటలలో ననేకము లీ పద్ధతినే గైకొన్నవి. ఇది రచయితల యభిరుచిచే నేర్పడినది కాదు. బటను లేమిచే నేర్పడినది. నేడు నాలుగు బటనులు గల ప్యాడుతో నాడువాడు ‘పైకి’ అను సంజ్ఞను ఒక బటనునకు గూడ నిచ్చుకొని సుఖముగ దుముకుచున్నాడు. పాతవారిలో గొందఱు దీనికి మూతి ముడుతురు. మేము పిడితోడనే దుమికితిమి, బొబ్బ లెక్కిన చేతులతో నాడితిమి, ఆ కష్టమే యాటకు రుచి యని వారి వాదము. అత్త పడిన యారళ్ళు కోడలును పడినగాని కాపురము రుచింపదను వాదమునకును దీనికిని గల దూర మెంతయో నాకు గనబడకున్నది.

కొన్నిచోట్ల నీపాటి విచారమునకు గూడ దావు లేదు. కామొడోర్ 64నకు జాయ్‌స్టిక్కులు తగిలించుటకు రెండు చోట్లు గలవు. అందు మొదటిది కీబోర్డు తీగలతో గలిసియుండుటచే, అచట తగిలించిన కఱ్ఱను గదల్చినపుడు తెఱపై నర్థములేని యక్షరములు పడుచుండెను. అందుచే ఒంటి యాటగానికి రెండవ చోటునే కేటాయించిన యాటలు మెండు. ఇది తెలియని నేటివాడు వైస్‌లో మొదటి చోట కఱ్ఱను గుదిర్చి, బొమ్మ కదలక, ఆట చెడినదని విసిగి లేచిపోవును. రెండింటిని దారుమారు చేయు సదుపాయ మా ఎమ్యులేటరులోనే కలదు. మార్చి యాడుటయే తెలివి.

ఇంగ్లండులో 1982లోనే వెలువడిన సింక్లెయిర్ వారి జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ కథ యింతకంటె సారవంతము. దానికి జాయ్‌స్టిక్కు తగిలించు చోటే లేదు; రబ్బరు మీటలు నలువది మాత్రము గలవు. ఈ కొఱతను దీర్ప కెంప్‌స్టన్ వారొక పెట్టెను, సింక్లెయిర్ వారే 1983లో ఇంటర్‌ఫేస్ 2 అను మఱియొక పెట్టెను దెచ్చిరి. ఒకదాని భాష రెండవదానికి దెలియదు. సింక్లెయిర్ పెట్టె కఱ్ఱ కదలికను అంకెల మీటల నొక్కుగా యంత్రమునకు దెలుపును: ఒక కఱ్ఱకు 1 మొదలు 5 వఱకు, వేఱొకదానికి 6 మొదలు 0 వఱకు. కెంప్‌స్టన్ పెట్టెకు కీబోర్డుతో బొత్తు లేదు. కాన నీ చేతిలో నున్న కఱ్ఱ యేది యని ఆట ముందుగనే ప్రశ్నించెడిది. కఱ్ఱయే లేనివారికి క్యూ, ఏ, ఓ, పీ అను నాలుగు మీటలు వాడుకలోనికి వచ్చెను. ఎడమచేయి పైకి క్రిందికి, కుడిచేయి ప్రక్కలకు. 1983లో మాథ్యూ స్మిత్ రచించిన మానిక్ మైనర్‌లో నింకను వింత గలదు. అందు పై యక్షరముల వరుసలో నొకటి విడిచి యొకటి యెడమకు, కుడికి నడిపించును. క్రింది వరుసలో నే మీట నొక్కినను దుముకును. వ్రేళ్ళు చిన్నవైనను పెద్దవైనను, చేయి ఒకటైనను రెండైనను, నచ్చినచోట నుంచి యాడవచ్చును.

అంతటితో నాగలేదు. స్పెక్ట్రమ్ ఆటలలో ననేకములు మొదటి తెఱమీదనే ‘మీటలను మార్చుకొనుడు’ అను సదుపాయమును జూపెడివి. మూలరూపమున కపచారమని యలుగువారికి నేను జూపు సాక్ష్యమిది. ఆ యాటల రచయితలే, తాము జీవించియున్న కాలముననే, మీటల విషయమున నధికారమును ఆడువానికి వదలివేసిరి. వారు వదలిన దానిని వారి పేరున మఱల పట్టుకొని కావలి కాయుటకు మన మెవరము?

ఇక నొక సూక్ష్మమైన ప్రశ్న. మీట యనగా నేమి? దానిపై వ్రాసిన యక్షరమా, అది యున్న స్థానమా? ఫ్రాన్సు దేశపు కీబోర్డుపై మొదటి యక్షరముల వరుస ఏ, జెడ్, ఈ, ఆర్ అని మొదలగును. క్యూ అను నక్షరము ఏ క్రింద నుండును. పూర్వోక్తమగు స్పెక్ట్రమ్ ఆటను ఫ్రెంచివా డక్షరము ననుసరించి యాడినచో, పైకి బోవు మీట క్రిందను, క్రిందికి దిగు మీట పైనను నుండును. వ్రాత నిలిచెను, అర్థము తలక్రిందులయ్యెను. ఈ చిక్కును దీర్చుటకు వైస్‌లో రెండు మార్గములుంచిరి: ఒకటి యక్షరానుసారి, రెండవది స్థానానుసారి. ఉత్తరము వ్రాయువానికి మొదటిది కావలయును. నొక్కిన యక్షరమే తెఱపై బడవలయును గదా. ఆటగానికి దఱచుగా రెండవది కావలయును. ఒకే కీబోర్డు, ఒకే మనుష్యుడు. పనినిబట్టి మూలమునకు విధేయత యను మాటకే యర్థము మాఱుచున్నది. మన దేశపు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నెఱిగిన వారికిది క్రొత్త కాదు. అందు ‘క’ యున్న మీట తెలుగునకును కన్నడమునకును హిందీకిని ఒక్కటే. తెఱపై లిపి మాఱును, వ్రేలు మాఱదు. తెలుగు నేర్చిన చేయి కన్నడమును గూడ టైపు చేయగలుగుట కిదియే కారణము. పూర్వాచారమును నిలుపుచున్నామని చెప్పువారు తాము నిలుపునది పేరునో స్థానమునో ముందుగ విచారించుకొన్నచో సగము వివాదము లణగిపోవును.

ఇంతవఱకు మార్పునే సమర్థించితిని. ప్రతిపక్షమును దాని పూర్ణబలముతో జెప్పకున్న నన్యాయమగును. 1981లో విలియమ్స్ వారు వెలువరించిన డిఫెండర్ అను ఆటను యూజీన్ జార్విస్ రూపొందించెను. దానికి పైకి క్రిందికి మాత్రమే కదలు పిడి యొకటి, బటనులైదు. ముందునకు దూయుట కొకటి, వెనుదిరుగుట కొకటి, కాల్చుట కొకటి, బాంబున కొకటి, మాయమగుట కొకటి. పిడిని ప్రక్కకు నెట్టిన నోడ యా ప్రక్కకు బోవునట్లు చేసిన నాట సులువగును, నిజమే. కాని ఐదు వ్రేళ్ళకు ఐదు పనులనిచ్చి, భయములో నే వ్రేలు నేది చేయవలయునో మఱపించుటయే ఆ యాటకు హృదయము. దానిని దీసివేసిన మిగులునది బొమ్మల కదలిక. 1984లో ఓషన్ వారు వెలువరించిన డేలీ థామ్సన్స్ డెకాథ్లాన్‌లో కఱ్ఱను ఎడమకు కుడికి నెంత వేగముగ నూపిన తెఱపైవాడంత వేగముగ బరుగెత్తును. ఆ యూపునకు తాళలేక కఱ్ఱలు విఱిగినవను ప్రసిద్ధి నేటికిని గలదు. ఆ యూపును ఎమ్యులేటరున కప్పగించి, ఒక్క మీటపై వ్రేలుంచి కూర్చున్నచో పరుగెత్తినది యెవరు?

మఱియొక వైపు చూడుడు. 1980 నాటి నామ్కో వారి పాక్‌మాన్ నాలుగు దిక్కుల కఱ్ఱకై నిర్మింపబడినది. ఎనిమిది దిక్కుల నేటి ప్యాడుతో దాని నాడినచో బొటనవ్రేలు మూలలకు జాఱి, తిరుగవలసిన మలుపు తప్పిపోవును, దయ్యము మ్రింగును. ఇచట మేమ్‌లో కఱ్ఱను నాలుగు దిక్కులకే బంధించుట మూలమునకు విధేయత. ఏ మార్పును జేయక యున్నట్టుండుటయే ద్రోహము.

కావున మార్చవచ్చునా, మార్చరాదా యను ప్రశ్నయే సరియైనది కాదు. మార్చదలచిన కష్టము ఆటలోనిదా, ఆటను పోసిన పాత్రలోనిదా యని యడుగవలయును. ఔషధపు చేదు వేఱు, గిన్నె చిలుము చేదు వేఱు. కామొడోర్ 64 కఱ్ఱను పైకి నెట్టి దుముకుట చిలుము. డిఫెండర్ బటనులైదును ఔషధము. ఇట్లు చెప్పి యూరకుండిన బాగుగనే యుండును గాని, ఈ భేదము నిలుకడగల భేదము కాదు. జార్విస్ తరువాతి యాటయే దీనికి దృష్టాంతము.

1982లో లారీ డిమార్‌తో గలిసి యతడు రోబోట్రాన్: 2084 ను నిర్మించెను. ఒక కఱ్ఱ నడచుటకు, రెండవ కఱ్ఱ కాల్చుటకు. కాల్చు బటను లేదు. ఆ రెండు కఱ్ఱలే యాటకు ప్రాణమని, వానిని మార్చిన యాట యాట గాదని నిపుణులు చెప్పుదురు, నేనును సమ్మతింతును. మఱి యా యేర్పాటెట్లు పుట్టినది? ఆ యాటను మొదలుపెట్టుటకు ముందు జార్విస్ కారు ప్రమాదమున కుడిచేతికి దెబ్బ తగిలి, చేతికట్టుతోడనే పనికి వచ్చెను. పిడి పట్టి బటను నొక్కుట కా చేయి సహకరింపదు. బెర్జర్క్ అను 1980 నాటి యాటలో నడచుచు గాల్చుటకు వీలులేమి యతనిని మునుపే విసిగించియుండెను. ఈ రెండును గలిసి రెండు కఱ్ఱల యాట జనించెను. అనగా గాయపడిన చేయి తనకై కోరుకొనిన సదుపాయ మారోగ్యవంతుల కందఱకును మూలరూపమయ్యెను. నేడొక గాయపడిన చేయి మఱియొక సదుపాయమును గోరినపుడు, మూలరూపము చెడునని దానిని నిరాకరించుటలోని వింతను గమనింపుడు.

ఇక నసలు కఠినమైన స్థలమునకు వచ్చితిమి. పక్షవాతముచే నొక ప్రక్క పడిపోయిన యువకు డొకడు డిఫెండర్ నాడగోరెననుకొందము. 2018లో మైక్రోసాఫ్ట్ వారు ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలరు అను పలకను వెలువరించిరి. దాని వెనుక 19 రంధ్రములు గలవు. ఒకదానికి కాలిమీట, ఒకదానికి మోచేతితో నొక్కదగిన పెద్ద బటను, ఒకదానికి మఱియొకటి తగిలించి, ఎవరి శరీరమునకు దగిన కంట్రోలరును వారు కూర్చుకొనవచ్చును. కంప్యూటరు దానిని మామూలు ప్యాడుగనే గ్రహించును గాన ఎమ్యులేటరులకును బనికివచ్చును. కాని యీ యువకునికి వశమైన కదలికలు మూడే యైనచో, ఐదు బటనులను మూడింటికి గుదింపక తప్పదు. ఔషధమునే పలుచన చేయవలసివచ్చినది. ఇపుడేమందుము?

నా యభిప్రాయమిది. ఆట యడుగు కష్టమును వ్రేళ్ళ లెక్కతో గొలువరాదు. ఆడువాని శక్తికిని, ఆట యడుగుదానికిని గల నిష్పత్తితో గొలువవలయును. ఐదు వ్రేళ్ళవానికి ఐదు పనులు పెట్టిన యలజడి, మూడు కదలికలవానికి మూడు పనులు పెట్టును. వానికిని భయమే, వానికిని మోకా లేదో, మోచే యేదో మఱపే. జార్విస్ కోరిన యనుభవము వానికి లభించినది. వ్రేళ్ళన్నియు నుండి సోమరితనముచే ఐదింటిని మూడుగ జేసికొనినవాని కది లభింపలేదు. పట్టిక రెండిండ్లలో నొకటే కావచ్చును; చేసిన పని యొకటి కాదు.

అట్లయిన పందెముల సంగతి యేమని యడుగుదురు. గెలుపోటముల లెక్క గలచోట నిష్పత్తులు పనికిరావు, అందఱకును ఒకే కొలత యుండవలయు ననుట నిజము. అందుకు లోకమున నుపాయము లేకపోలేదు. ఆటల యత్యధికాంకములను నమోదు చేయు ట్విన్ గాలక్సీస్ అను సంస్థ యసలు పెట్టెపై నాడినదానిని, మేమ్‌పై నాడినదానిని వేర్వేఱు పట్టికలలో వ్రాయును. నొక్కిపట్టిన తానై వరుసగా గాల్చు సదుపాయము కూడ ఎమ్యులేటరుల క్రొత్త పాపము కాదు. 1980ల నాటి క్విక్‌షాట్ 2 అను జాయ్‌స్టిక్కునకే యందుకు స్విచ్చు గలదు. దానిని వాడుట తప్పనను; వాడి, వాడలేదని చెప్పి మిత్రునిపై నెగ్గుట తప్పందును. తన గదిలో నొంటిగ నాడువాడు తన్ను తానే మోసగించుకొనుచున్నాడని కొందఱందురు. నాకంత గట్టిగ దోచదు. పగలెల్ల పనిచేసి వచ్చినవాడు చిన్ననాటి యాట కడపటి దృశ్యమును జూడగోరి వరుసకాల్పు వాడుకొన్నచో, వానిచే సంజాయిషీ చెప్పించుకొను హక్కు నాకు గలదని నేననుకొనను.

పీసీ కఱ్ఱల పద్ధతి వేఱు. 1981 నాటి ఐబీఎమ్ పీసీకి తగిలించు కఱ్ఱలో దిక్కుల స్విచ్చులు లేవు. పిడి కదలినకొలది మాఱు విద్యున్నిరోధము గలదు. ఆ నిరోధముగుండ నొక చిన్న కండెన్సరు నిండుటకు బట్టు కాలమును గొలిచి, పిడి యెక్కడ నున్నదో కంప్యూటరు తెలిసికొనెడిది. ఏ రెండు కఱ్ఱలును ఒక్కతీరున నుండవు. కాన ఆట మొదట ‘పై యెడమ మూలకు ద్రోసి బటను నొక్కుడు, క్రింది కుడి మూలకు ద్రోసి నొక్కుడు, నడుమ విడిచి నొక్కుడు’ అని వేడుకొనెడిది. నీకు నడుమ యెక్కడ యని యంత్రమే మనుష్యుని నడిగి తెలిసికొనుట! ఆనాటి యంత్రముల మర్యాదలలో నాకు మిక్కిలి ప్రియమైనది యిది. డాస్‌బాక్స్‌లో నేడు కంట్రోల్‌తో ఎఫ్1 నొక్కిన మీటల పటము తెఱచుకొనును. చేసిన మార్పులను ఫైలుగ భద్రపఱచుకొనవచ్చును. మార్చుటకు ముందు మొదటి ఫైలును వేఱుగ దాచియుంచుడని మాత్రము కోరుదును. తరువాత నాడువానికి మొదట నేమున్నదో చూచుకొను దారి మిగులవలయును గదా.

తొంబదుల దశాబ్దమున మన పట్టణముల కంప్యూటరు శిక్షణశాలలలో ప్రిన్స్ ఆఫ్ పర్షియా నాడినవా రిపుడు దానిని తమ పిల్లలకు జూపుచున్నారు. జోర్డన్ మెక్నర్ 1989లో ఆపిల్ 2 యంత్రమునకై రచించిన యాట యది. మఱుసటి యేడు డాస్‌నకు వచ్చినది. డాస్ ప్రతిలో షిఫ్ట్ మీటతో కత్తి వేటు పడును. కావున యుద్ధమున షిఫ్ట్‌ను వెంటవెంటనే నొక్కవలయును. విండోస్‌లో షిఫ్ట్‌ను వరుసగ నైదుమార్లు నొక్కినచో స్టిక్కీ కీస్ అను సదుపాయమును దెఱవవలయునా యని యొక ప్రశ్న తెఱపైకి వచ్చి నిలుచును. రెండు మీటల నొక్కసారి నొక్కజాలని వారి కొఱకు, ఒకదాని తరువాత నొకటి నొక్కినను జాలునట్లు చేయు సదుపాయ మది. విండోస్ 95 నుండియు గలదు. యుద్ధము నడుమ వచ్చిన యా ప్రశ్నకు విసిగి పిల్లవాడు సెట్టింగులకు బోయి, ఆ యైదు నొక్కుల మార్గమును శాశ్వతముగ మూసివేయును. ఇంట కంప్యూటరొకటే యైనచో, మఱునాటి యుదయమున వణకు చేతుల తాతగారు ఉత్తరము వ్రాయ గూర్చుండి, అలవాటు చొప్పున షిఫ్ట్ నైదుమార్లు నొక్కి, ఏమియు రాక, యంత్రము పాడైనదని లేచిపోవుదురు.

అంత యవసర మేమియు లేదు. డాస్‌బాక్స్ పటమున షిఫ్ట్ పనిని జెడ్ వంటి మఱియొక మీట కప్పగించిన రాకుమారుని కత్తి నిరాటంకముగ సాగును. విండోస్ సదుపాయమును ముట్టనక్కఱ లేదు. పిల్లవానికి జూపించిన రెండు నిమిషములలో నేర్చుకొనును.